గడ్డివాము వెనక బుస

అక్కడే ఆగండి. ఇంకో అడుగు వెయ్యకండి. విన్నారా ఆ చప్పుడు? కుక్కర్ విజిల్ వేసేముందు ఆవిరి ఆగకుండా తన్నుకొచ్చినట్టుంది కదూ. వంటింట్లో పొయ్యి మీద ఏమీ లేదు. చప్పుడు నేల మీంచే వస్తోంది, గడ్డివాముకీ పిడకల గూటికీ మధ్యనున్న మూరెడు సందులోంచి.

శ్రావణమాసం. మధ్యాహ్నమంతా కురిసిన వాన ఇప్పుడే తెరిపిచ్చింది. అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్ళే దారి పక్కన ఒక ఊళ్ళో, ఒక పెంకుటింటి పెరట్లో ఉన్నాం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, ఆ రెంటి మధ్యా సముద్రం దాకా పరుచుకున్న దివిసీమ ఇది. ఈ ఇంటి వెనక గోడ దాటితే పంటబోదె, బోదె దాటితే వరిచేను. నాట్లు సగం అయ్యాయి. దమ్ము చేసిన మళ్ళల్లో నీళ్ళు నిలిచి, గట్లలోని బొరియలు మునిగిపోయాయి. బొరియల్లో కాపురమున్న ఎలుకలు మెరక వెతుక్కుంటూ బయల్దేరాయి. వాటి వెనకే పాములూ బయల్దేరాయి. చుట్టూ నీళ్ళున్న చోట మెరక అంటే మన ఇళ్ళే.

పిడకలు తీసుకుందామని వెళ్ళిన ఈ ఇంటి పెద్దావిడ చెయ్యి గూట్లో పెట్టబోయి, బుస విని వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని చేతులు చూసుకుంటోంది. కొడుకు దుడ్డుకర్రతో వచ్చాడు. పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగి చూస్తున్నారు. ఒకరు కిరోసిన్ పోయమంటున్నారు, ఇంకొకరు గడ్డి అంటించమంటున్నారు. పిల్లల్ని లోపలికి పంపించింది కోడలు. చెయ్యాల్సిన మొదటి పని ఆమే చేసింది. రెండోది మనం చేద్దాం. దూరంగా నిలబడి, టార్చి ఆ సందు మీదే ఉంచి, పాము ఎటు కదులుతుందో చూస్తూ ఉందాం. కంటికి కనిపిస్తున్న పాము వల్ల ప్రమాదం తక్కువ. అందరూ కేకలేస్తే బెదిరి ఏ బియ్యం బస్తాల వెనక్కో దూరిందంటే, ఈ రాత్రి ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు.

బండి చప్పుడు. పాములు పట్టే కుర్రాడు వచ్చాడు. ముందు పెద్దావిడ దగ్గరికి వెళ్ళాడు.

"పిన్నిగారూ, చెయ్యి చూపించండి. ఎక్కడా గీరుకోలేదుగా?"

"లేదు నాయనా. బుస వినగానే లాగేశాను."

అప్పుడు తిరిగాడు సందు వైపు. కాళ్ళకు మోకాళ్ళ దాకా బూట్లు. చేతిలో కొసన కొక్కెం ఉన్న పొడుగాటి ఇనుప కడ్డీ. భుజాన నల్లటి గుడ్డ సంచి, దాని మూతికి బిగించిన వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టం. "బాబాయిగారూ, ఆ కర్ర కింద పెట్టెయ్యండి" అన్నాడు ఇంటాయనతో, మెల్లగానే. ఆయన పెట్టలేదు.

టార్చి వెలుగులోకి వంగి చూడండి, దూరం నుంచే. లావుగా, పొట్టిగా, గోధుమరంగు ఒళ్ళు. వీపు పొడవునా మూడు వరసల్లో కోలగా ఉన్న మచ్చలు, ప్రతి మచ్చ చుట్టూ నల్లటి అంచు. తల ముక్కోణంగా ఉంది. రక్తపింజర. కొండచిలువ పిల్ల అనుకుని దీన్ని చేత్తో ఎత్తబోయి కాటు తిన్నవాళ్ళున్నారు. ఈ పాముతో మన తీరానికి పాత పరిచయమే. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో ఒక పుస్తకం అచ్చువేయించాడు. అందులో దీని పేరు తెలుగులోనే ఉంది, కాటుకరేకుల పొడ అని. ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు దీన్ని పిలిచేది ఆయన పేరుతోనే.

ఆ కుర్రాడి చేతులు చూడండి, తొందరేమీ లేదు. గొట్టం మూతిని సందు చివర గోడకు ఆనించి పెట్టాడు. కొక్కెంతో పాము ఒంటిని వెనకనుంచి అలా తాకి వదిలేస్తున్నాడు. తల పట్టుకోవడం, తోక పట్టి ఊపడం, జనం వైపు తిరిగి చూపించడం, ఇవేవీ లేవు. పాము ఒకసారి ఒళ్ళంతా బిగించి గాల్లోకి కొట్టింది. మనందరం ఒకేసారి వెనక్కి జరిగాం. కుర్రాడు మాత్రం అప్పటికే అది అందుకోలేనంత దూరంలో ఉన్నాడు. రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. తర్వాత పాముకి ఎదురుగా చీకటి కంత ఒకటి కనపడింది. అటే జరిగింది, గొట్టంలోకి తల పెట్టింది, ఒళ్ళంతా ఈడ్చుకుని సంచిలోకి వెళ్ళిపోయింది. సంచి మెలితిప్పి ముడేసి, మూతకు చిల్లులున్న డబ్బాలో పెట్టాడు.

"చంపెయ్యి అబ్బాయ్. మళ్ళీ వస్తే?" అంది పెద్దావిడ. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు మనకెవరికీ లేదు, ఇందాక ఆ గూట్లో పెట్టబోయింది ఆమె చెయ్యి.

"ఇది పోతే దీని చోటుకి ఇంకోటి వస్తుంది పిన్నిగారూ. ఎందుకొచ్చిందో చూపిస్తా, రండి."

పాముల్ని చంపడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరమని అతను చెప్పలేదు. చెప్పినా ఈ పెరట్లో ఈ పూట ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. చాలామంది పాములు పట్టేవాళ్ళు డబ్బా తీసుకుని వెళ్ళిపోతారు. ఇతను ఉండిపోయాడు. నన్నడిగితే పాము పట్టడం కన్నా ఇతను ఇప్పుడు చేస్తున్నదే పెద్ద పని. అతని వెనకే నడుద్దాం. టార్చి ముందు, అడుగు తర్వాత.

గడ్డివాము అడుగున మట్టి తోడిన గుట్టలు చూశారా? ఎలుక బొరియలు. వామిని నేల మీదే వేశారు, అడుగున మంచె లేదు. పక్కనే కోళ్ళగూడు. దాని ముందు చల్లిన నూకలు తడిసి అలాగే ఉన్నాయి. ఎలుకలకు రాత్రి భోజనం అదే. ఇంకో నాలుగడుగులు వేస్తే పాత పెంకుల గుట్ట, పోయినేడు వంటిల్లు బాగుచేయించినప్పటిది. కుర్రాడు కొక్కెంతో ఒక్కో పెంకూ లేపుతున్నాడు. తేలు ఒకటి పక్కకి పోయింది. ఇంకో పెంకు కింద పాము విడిచిన కుబుసం, పలచగా, పొలుసుల అచ్చుతో. "ఇది జెర్రిపోతుది" అన్నాడు. "ఇదెక్కడైనా కనిపిస్తే కొట్టకండి బాబాయిగారూ. పొడుగ్గా ఉంటుంది, చురుగ్గా పాకుతుంది, చూస్తే భయమేస్తుంది గానీ విషం లేదు. మీ ఎలుకల్ని తినేది అదే." జెర్రిపోతును నాగుపాము అనుకుని కొట్టి చంపడం మన ఊళ్ళల్లో ఎన్నిసార్లు చూడలేదు! చంపినప్పుడల్లా ఆ పెరట్లో ఎలుకలకు స్వేచ్ఛ ఇచ్చినట్టే.

ఇప్పుడు వంటింటి తూము. బయటి నుంచి చూస్తే పిడికిలి దూరేంత కంత, జల్లెడ లేదు. దాని వెనక ధాన్యం బస్తాలు, గోడకు ఆనించి, నేల మీదే. కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని తలుపు కింది సందులో వేళ్ళు పెట్టి కొలిచాడు. రెండు వేళ్ళు సులువుగా పట్టాయి. "ఇంత చాలు" అన్నాడు. ఇంత సందులోంచి పాము దూరగలదు.

ఇంటాయన మెల్లగా కర్ర గోడకి ఆనించాడు. ఇప్పుడు ప్రశ్నలు అడుగుతున్నాడు. తూముకి ఎలాంటి జల్లెడ వెయ్యాలి? చిటికెన వేలు దూరనిది. బస్తాలు ఎక్కడ పెట్టాలి? బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా, వెనక చీపురు తిరిగేలా. వామి? వచ్చే ఏడాది రాతిబద్దల మీద వెయ్యాలి, ఇంటికి దూరంగా. పిడకలు? గూడు నేల నుంచి ఎత్తులో పెట్టి, తీసేటప్పుడు ముందు కర్రతో తట్టి, వెలుతురుంటేనే చెయ్యి పెట్టాలి. కోళ్ళ మేత సాయంత్రానికల్లా ఊడ్చేయాలి.

"కార్బాలిక్ యాసిడ్ తెచ్చి చల్లాను, అయినా వచ్చింది" అన్నాడు ఇంటాయన. సీసా ఇంకా గోడ వారనే ఉంది. ఈ జిల్లాలో వానాకాలం వస్తే అందరూ కొనేది అదే. అది కాకపోతే బ్లీచింగ్ పౌడరు, వెల్లుల్లి, గంధకం. ఆ వాసనకి ముక్కు మూసుకునేది మనమే, పాము దాని మీదుగానే పాకిపోతుంది. అదీగాక కార్బాలిక్ యాసిడ్ చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలున్న ఇంట్లో దాన్ని అలా వదిలేయడం ఇంకో ప్రమాదం. ఆ డబ్బుతో తూముకి జల్లెడ, తలుపు కింద రబ్బరు పట్టీ వచ్చేవి.

చీకటి పడింది. కరెంటు పోయింది. మన కుర్రాడు ఇంకా వెళ్ళలేదు, వసారాలో చాప పరుచుకుని పడుకున్న తాతగారి దగ్గర నిలబడ్డాడు. "తాతగారూ, ఈ నెలంతా మంచం మీద పడుకోండి." ఆయనకి నేల మీదే నిద్రపడుతుందట, వయసంతా అలాగే గడిచిందట. కుర్రాడి గొంతు ఇప్పుడు మారింది. ఇందాక రక్తపింజర ముందు కూడా ఇంత గట్టిగా మాట్లాడలేదు.

అతను భయపడుతున్నది కట్లపాముకి. నల్లగా నిగనిగలాడే ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు. పగలు ఎక్కడో ముడుచుకుని ఉంటుంది, రాత్రి బయటికొచ్చి బల్లుల్నీ ఎలుకల్నీ వెతుక్కుంటూ ఇళ్ళల్లో తిరుగుతుంది. చాప మీద పడుకున్న మనిషి నిద్రలో ఒత్తిగిల్లితే కాటేస్తుంది. రక్తపింజర కాటుకు నొప్పి, వాపు తెలుస్తాయి. కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పే ఉండదు, గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పని లేస్తారు, అజీర్తి అనుకుంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి తీసే కండరాలు పనిచెయ్యడం మానేస్తాయి. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి ఇలా లేచాడంటే పాముకాటేమోనని ముందు అనుమానించాలి.

దోమతెర తెప్పించాడు. మంచం మీద కట్టి, అంచులు నాలుగువైపులా పరుపు కిందికి దోపి చూపించాడు. నేపాల్ తెరాయి పల్లెల్లో జరిగిన అధ్యయనంలో దోమతెరలో పడుకునేవాళ్ళకి పాముకాట్లు బాగా తక్కువని తేలింది. మలేరియా కోసం కొన్న తెర ఈ పనికీ వస్తుంది. తాతగారు గొణుక్కుంటూనే మంచమెక్కారు.

ఇంతలో కుర్రాడి ఫోను మోగింది. చేలో నాట్లేసి గట్టు మీద తిరిగొస్తున్న ఆడకూలీని పాము కాటేసిందట. పాము పట్టడానికి కాదు, ఏం చెయ్యమంటావని అడగడానికి చేశారు. "కదలనివ్వకండి. కాళ్ళకి పట్టీలుంటే, వేళ్ళకి మెట్టెలుంటే తీసెయ్యండి. కొయ్యకండి, నోటితో పీల్చకండి, బిగించి కట్టకండి. 108కి చేశారా? బండి ఆలస్యమైతే మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టి తీసుకెళ్ళండి." మనమూ వెళదాం.

ప్రభుత్వ ఆసుపత్రి. వరండాలో తడి బురద కాళ్ళ ముద్రలు. ఆమెను బల్ల మీద పడుకోబెట్టారు. పాదం మీద రెండు చుక్కలు, చుట్టూ వాపు మొదలైంది. మోకాలి కింద తువ్వాలు బిగించి కట్టేశారు ఎవరో, ఫోనులో చెప్పేలోపే. డాక్టరు దాన్ని వెంటనే విప్పలేదు. సెలైన్ ఎక్కించి, మందు సిద్ధంగా పెట్టుకుని, అప్పుడు మెల్లగా వదులు చేస్తోంది. ఒక్కసారిగా విప్పితే ఆగిన విషమంతా ఒక్కపెట్టున ఒంట్లోకి వెళుతుంది. వెంట వచ్చినవాళ్ళలో ఒకతను ప్లాస్టిక్ కవరులో చచ్చిన పామును తెచ్చాడు. డాక్టరు దాన్ని ముట్టుకోనివ్వలేదు, తెగిన తల కూడా కాసేపటిదాకా కాటెయ్యగలదు. పామును తేనక్కర్లేదు. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటి విషానికీ ఒకటే.

ఆమె చేతి నరం నుంచి కాస్త రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోశారు. గొట్టాన్ని కదపకుండా బల్ల మీద నిలబెట్టారు. 20 నిమిషాలు చూడాలి. గోడ గడియారం కేసి మనమూ చూద్దాం. ఆమె భర్త అటు నుంచి ఇటు తిరుగుతున్నాడు, నాటు వైద్యుడి దగ్గరికి తీసుకెళితే ఈపాటికి విషం దిగేది కదా అని ఎవరో చెవిలో ఊదుతున్నారు. ఆయన వినలేదు. టైమయింది. నర్సు గొట్టాన్ని వంచింది. రక్తం నీళ్ళలా జారింది. గడ్డకట్టలేదు. విషం ఒంటికెక్కింది.

ఇక ఎవరూ ఆగలేదు. పది సీసాల మందు ఒకదాని తర్వాత ఒకటి సెలైన్లో కలుపుతున్నారు. పెద్దవాళ్ళకైనా చిన్నపిల్లలకైనా మోతాదు ఇంతే. మనిషి బరువుని బట్టి కాదు, ఎక్కిన విషాన్ని బట్టి మందు. మందు పడకపోతే వచ్చే దద్దుర్లకీ, బీపీ పడిపోవడానికీ అడ్రినలిన్ సిరంజి పక్కనే ఉంచారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ గాజు గొట్టం పరీక్ష. మూత్రం ఎంత వస్తోందో రాత్రంతా రాసుకుంటారు, ఎక్కింది రక్తపింజర విషమైతే మూత్రపిండాల మీద దెబ్బ తీస్తుంది కాబట్టి.

ఆ సీసాల్లోని మందు గుర్రాల రక్తం నుంచి వస్తుంది. వాటికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, రక్తంలో పుట్టిన విరుగుడును వేరుచేస్తారు. ఆ విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గరి ఇరుళర్ గిరిజనుల సహకార సంఘం నుంచే వస్తుంది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో అది మొదలైంది. ఎలుకల్ని, పాముల్ని పట్టి బతికిన ఆ జాతి మనుషులు ఇప్పుడు పామును పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. వాళ్ళలో ఇద్దరికి, వడివేల్ గోపాల్‌కీ మాసి సడయన్‌కీ, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన డెల్టాలో ఎలుకల్ని పట్టే విద్య యానాదులది. బొరియ చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పగలరు, కుండతో పొగబెట్టి పట్టగలరు. నాట్లకు ముందే ఊరంతా కలిసి వాళ్ళని పిలిచి మంచి కూలి ఇస్తే పాములు పెరట్లోకి వచ్చే కారణమే సగం పోతుంది.

ఆమె కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. భర్త గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయారని 2020లో అచ్చయిన అధ్యయనం లెక్క కట్టింది. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల వరసలో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఉంది. ఈ చావులు దాదాపు అన్నీ పల్లెల్లోనే, చేలోనో నేల మీద నిద్రలోనో కాటు తిన్నవాళ్ళవి. ఇది నాకు కోపం తెప్పించే విషయం. పోతున్నది మనకి అన్నం పెట్టేవాళ్ళు, అదీ మందున్న జబ్బుతో. 2018 ఆగస్టులో ఈ దివిసీమలో పాముకాట్లు వరసగా పడ్డప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పయాగం జరిగింది. పుట్టలో పాలు పోసే చేతుల్ని నేను తప్పుపట్టను, ఆ భక్తిలో పాము పట్ల భయమూ గౌరవమూ రెండూ ఉన్నాయి. కానీ ఆ కూలీని ఈ రాత్రి బతికించింది ఆసుపత్రి అలమరలోని పది సీసాలు. పాముకాటు చావుల్ని 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అది నిజమయ్యేది పల్లెల్లోని ఇలాంటి అలమరల దగ్గరే.

బురదలో బూట్లతో ఎవరూ నాటు వెయ్యలేరు, అది నాకు తెలుసు. కానీ చీకటి పడ్డాక గట్టు మీద నడిచే ప్రతి కూలీ చేతిలో టార్చి ఉండాలి. అది కొనివ్వాల్సింది చేను గలవాళ్ళే.

తెల్లవారింది. కుర్రాడు డబ్బా తీసుకుని ఇళ్ళకి దూరంగా, కరకట్ట దిగువన తుప్పల్లోకి నడిచాడు. మరీ దూరం తీసుకెళ్ళి వదిలితే కొత్త చోట దారీ తిండీ తెలియక పాము తిరిగి తిరిగి చచ్చే ప్రమాదముందని అతనికి తెలుసు. సంచి మూతి విప్పి కొక్కెంతో దూరం నుంచే అడుగు ఎత్తాడు. రక్తపింజర కాసేపు కదల్లేదు, తర్వాత తుప్పల్లోకి వెళ్ళిపోయింది. మనం వెనక్కి వచ్చేసరికి ఇంటాయన తూము దగ్గర కూర్చుని జల్లెడ కత్తిరిస్తున్నాడు.

ఇది చదువుతున్న మీకు ఒక్క మాట. ఈ వానలు ముదరకముందే మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మూడు విషయాలు అడగండి. పాము విషానికి విరుగుడు మందు ఎన్ని సీసాలు నిల్వ ఉంది? రాత్రిపూట అది ఎక్కించే డాక్టరు ఉంటారా? లేకపోతే ఏ ఆసుపత్రికి వెళ్ళాలి? వచ్చిన జవాబును పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పక్కనే 108 నంబరు కూడా.